మంచం తిరగని మలుపు

మట్టల ఆదివారం, సాయంత్రం. పొద్దున చర్చి నుంచి తెచ్చిన మట్ట ఇంకా బల్ల మీదే ఉంది. రేపు సోమవారం మా సందులో మంచం నడవాల్సిన రోజు. ఆ మంచాన్ని ఇన్నేళ్ళూ నడిపించిన మనిషి క్రితం నెలలో పోయింది. రేపు అది నడుస్తుందన్న నమ్మకం నాకు లేదు. నడవకపోతే ఇంకెప్పుడూ నడవదు. అందుకని ఈ నాలుగు మాటలూ ఇవాళే రాస్తున్నాను.

పోయిన కబురు నాకు ఫోనులో తెలిసింది. ఎదురింటి రత్నం ఆస్పత్రి నుంచి చేసింది. "టీచరుగారూ" అని ఆగింది. "చెప్పు" అన్నాను. "మామ్మగారు లేరండి" అంది. అప్పటికి స్టవ్ మీద అన్నం ఉడుకుతోంది. ఆవిడ తిరిగొచ్చాక తింటుందని బియ్యం కాస్త ఎక్కువే పోశాను. స్టవ్ ఆపి, గిన్నె మీద మూత పెట్టి కూర్చున్నాను. ఆ అన్నం మర్నాడు కాలువ చేపలకి వేశాం.

ఆవిడ నాకు ఆడపడుచు, మా ఆయనకి అక్క. నేను వదినా అనేదాన్ని. సందులో మిగతా అందరికీ మామ్మగారు. పిల్లలు లేరు. ఆవిడ ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే, ఒకే గోడ. అటు ఆవిడ దగ్గితే ఇటు నేను మంచినీళ్ళు ముంచేదాన్ని.

మేముండే పేట నిడదవోలు దగ్గర కాలువ గట్టు మీద ఉంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క రైలు కట్ట. మధ్యలో రెండు వరసల ఇళ్ళు, వాటి నడుమ ఒక్కటే సందు. రైల్వే గేటు రోడ్డు దగ్గర మొదలై, సగం దూరంలో తూము దగ్గర మలుపు తిరిగి, మా రెండిళ్ళ దగ్గర ఆగిపోతుంది. అవతల దారి లేదు. గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాళ్ళు, రొయ్యల షెడ్డుకి వెళ్ళే ఆడవాళ్ళు, తాపీ పనివాళ్ళు ఉంటారు. పోలవరం ముంపు ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ పాక వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒక్కరికీ పట్టా లేదు. నేను మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఊళ్ళోకి మారదామని మా ఆయనతో ఎన్నిసార్లో అన్నాను. "అక్కని వదిలి నేను రాను, నువ్వెళ్తానంటే వెళ్ళు" అన్నారు. ఉండిపోయాను. ఆయన పోయాక కూడా ఉండిపోయాను, ఆవిడ ఉంది కనక. ఇప్పుడెందుకు ఉన్నానో నన్ను అడగకండి.

మంచం సంగతి చెప్పాలంటే ముందు నిప్పు సంగతి చెప్పాలి.

ఆవిడ భర్త, నాకు అన్నయ్య వరస, రైసుమిల్లులో బస్తాల మీంచి పడి నడుం విరిగి మంచాన ఉన్న రోజులవి. అప్పుడు మావన్నీ తాటాకు ఇళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం పడమటి గాలికి ఎవరి పొయ్యిలోంచో నిప్పురవ్వ లేచింది. అన్నయ్యని మంచంతో సహా నలుగురు ఎత్తుకుని పరిగెత్తారు. మలుపు తిరిగారు. సందు మొదలు కనబడుతోంది. అక్కడ ఒకాయన తన గోడ పక్కన వంటచెరుకు పేర్చుకున్నాడు. మంచం పట్టలేదు. దించి చేతుల మీద ఎత్తుకునే లోపల పక్కింటి చూరు కాలుతూ వచ్చి ఆయన మీద పడింది. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉండి పోయారు.

ఆ వంటచెరుకు పేర్చినాయన వచ్చి మా వదిన కాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "నీ పుల్లలు నేను రోజూ చూశాను. తియ్యమని నేనూ అడగలేదు. లే" అంది. ఆయన లేవలేదు. ఆవిడే పట్టుకుని లేపింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి కొత్త ఇళ్ళు లేచాయి. కాలిపోయిన చోట కట్టుకునేటప్పుడు ప్రతివాడూ ఒక బెత్తెడు ముందుకి జరుగుతాడు. ఒకరిది తడిక, ఒకరిది అరుగు, ఒకరిది బట్టలుతికే బండ. ఎవరూ సందు మూసెయ్యాలని చెయ్యరు. అందరూ కొంచెమే జరుగుతారు. మట్టల ఆదివారం మర్నాడు పొద్దున మా వదిన నులక మంచం బయటికి తెచ్చి వాల్చి, నలుగురిని కేకేసి, తనే దాని మీద వెల్లకిలా పడుకుంది.

"ఎత్తండర్రా. గేటు దాకా పోనివ్వండి. ఎక్కడ తగిలితే అక్కడ ఆగండి."

మా అత్తగారు గుండెలు బాదుకున్నారు. బతికున్న మనిషిని నలుగురు మంచం మీద మోసుకెళ్ళడం ఎవరికి మాత్రం బాగుంటుంది? "బతికుండగానే పాడెక్కుతున్నావే!" అని ఏడ్చారు.

"పాడె మీదవాళ్ళు కళ్ళు మూసుకుంటారమ్మా. నేను తెరుచుకుని చూస్తున్నాను, ఎవడి గోడ ఎక్కడుందో" అంది మా వదిన, పడుకునే.

అలా మొదలైంది. మంచం దేనికి తగిలితే దాన్ని ఆ సాయంత్రంలోపు తియ్యాలి. తియ్యనని వాదించినవాణ్ణి మంచం మీద పడుకోబెట్టి మళ్ళీ మోయిస్తుంది. ఇది తప్ప వేరే శిక్ష లేదు. హిందువులు, మావాళ్ళు అన్న తేడా లేకుండా అందరూ ఒప్పుకున్నారు. ఉగాది కూడా అటూఇటుగా అప్పుడే వస్తుంది కనక ఇల్లు సర్దుకునే పనిలో ఇదీ ఒక పని అయిపోయింది.

ఒక ఏడు మా తాపీ మేస్త్రి తన గుమ్మం ముందు కొత్త మెట్టు కట్టాడు. మంచిగా నునుపు చేసి, అంచుకి ఎర్రరంగు కూడా వేశాడు. మంచం వెళ్ళి దానికి కొట్టుకుంది.

"జానెడు మెట్టండి మామ్మగారూ. మా అమ్మ ఎక్కలేకపోతోందండి."

"సరేలే. పడుకో."

"నేనాండి?"

"మీ అమ్మని పడుకోబెట్టమంటావా?"

పడుకున్నాడు. భారీ మనిషి. ముందు పట్టిన ఇద్దరూ ఆడవాళ్ళు. "ఏం తింటున్నావయ్యా, మాకూ చెప్తే మేమూ తింటాం" అని రత్నం మూలిగింది. వాళ్ళు ఆగకుండా నడిచారు. మెట్టు దగ్గర అతని మోచెయ్యి గీరుకుపోయింది.

"ఏంటి, తగిలిందా?" అంది మా వదిన.

"తగిలిందండి."

"నొప్పా?"

"నొప్పేనండి."

"నువ్వు బాగున్నావు కాబట్టి నొప్పి. బాగోనివాడికైతే అదే ఆఖరు."

ఆ సాయంత్రం మెట్టు కొట్టేశాడు. వాళ్ళమ్మకి గుమ్మం లోపలి వైపు మెట్టు కట్టాడు. ఆ తరవాత సందులో ఎవరు ఏది కట్టబోయినా ముందు అతనే వెళ్ళి, "మామ్మగారి మంచం చూసుకున్నారా?" అని అడిగేవాడు. ఈ మేస్త్రి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెప్పాలి.

ఆవిడ గుమ్మం బయట ఏ వస్తువూ ఉంచేది కాదు. చెప్పులు లోపల, చీపురు లోపల, వానాకాలంలో కారుతున్న గొడుగు కూడా లోపలే. "ఇల్లంతా బురద చేస్తున్నావు వదినా" అని నేను కసిరేదాన్ని. నాకు శుభ్రం ఎక్కువ. "బురదైతే తుడుచుకుంటాం టీచరమ్మా" అనేది. వెళ్ళిన ప్రతి చోటా గుమ్మాలు చూసేది. రావులపాలెంలో పెళ్ళికి వెళ్తే భోజనాల హాలు బయటికి ఎన్ని దారులున్నాయో చూశాక గానీ విస్తరి ముందు కూర్చోలేదు. రాజమండ్రిలో మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటుకి తీసుకెళ్ళాను. లిఫ్టు ఎక్కగానే చేతులు చాపి చూసుకుంది.

"ఇందులో మంచం పడుతుందా?"

"పట్టదు వదినా."

"మరి వీళ్ళకి జబ్బులు రావా?"

లిఫ్టులో ఉన్న పై ఫ్లాటు ఆయన ముఖం తిప్పుకున్నాడు. నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఆ లిఫ్టు ఎక్కితే నేనూ చేతులు చాపి చూస్తాను.

ఎండాకాలంలో పడమటి గాలి లేస్తే ఆవిడ గొంతు కూడా లేచేది. సందు ఆ చివర నుంచి ఈ చివర దాకా, "పొయ్యిలార్పండమ్మా, గాలొచ్చింది! పొయ్యిలార్పండి!" అంటూ నడిచేది. తాటాకు పోయి రేకులొచ్చాయి. కట్టెలు పోయి గ్యాసొచ్చింది. ఆవిడ మాత్రం మానలేదు. "గ్యాసండి మామ్మగారూ, రవ్వలు లేవవండి" అని ఎవరో కోడలు అంటే, "గ్యాసుకి నువ్వంటే భయమా, గాలంటే భయమా? ఆర్పు" అంది. ఆవిడ వెనకాల నవ్వుకునేవాళ్ళు. కానీ ఆర్పేవాళ్ళు.

కాలువ పొంగిన ఏడు మా చివరిళ్ళలోకి నీళ్ళొస్తే నడవలేనివాళ్ళనందరినీ ఒకే మంచం మీద ఒకరి తరవాత ఒకరిని రైలు గేటు దగ్గరికి చేర్చారు. ఎక్కడా ఆగలేదు. ఎక్కడా ఏమీ తగల్లేదు. ఆ రోజు మాత్రం మా వదిన ముఖంలో ఒక రకమైన తృప్తి చూశాను. తడిసిన చీరతో గేటు దగ్గర నిలబడి మంచం వచ్చినప్పుడల్లా తల ఊపింది, నా దగ్గర పిల్లలు లెక్క సరిగ్గా చేసినప్పుడు నేను ఊపినట్టు.

ఆఫీసుకి అర్జీ పెట్టి సందు వెడల్పు చేయించుకోవచ్చు కదా అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. నేనూ ఒకసారి రాయబోయాను. ఆవిడ నా చేతిలోంచి కలం తీసుకుని పక్కన పెట్టింది. "ఆఫీసు దృష్టిలో అడ్డం అంటే పుల్లలూ మెట్లూ కాదు. మనమే. వాళ్ళు దారి తీస్తే ఇళ్ళతో సహా తీస్తారు. మన దారి మనమే ఉంచుకోవాలి" అంది. గట్టు మీద బతికేవాళ్ళ ఇబ్బంది ఇదే. నిప్పుకి భయపడాలి, నీటికి భయపడాలి, కాపాడమని అడగడానికి కూడా భయపడాలి.

ఇక బెంచీ సంగతి.

ఆవిడకి మోకాళ్ళు పాడయ్యాయి. గేటు దాకా ఒక్క ఊపులో నడవలేకపోయేది. మలుపు దగ్గర వేపచెట్టు నీడలో గోడ పట్టుకుని నిలబడి, ఆయాసం తగ్గాక మళ్ళీ నడిచేది. కాలువ గాలి అక్కడ బాగా తగులుతుంది. మా మేస్త్రి రోజూ పనికి పోతూ అది చూశాడు. ఒకరోజు కళ్ళ డాక్టరుకి చూపించడానికి నేను ఆవిణ్ణి రాజమండ్రి తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి మలుపులో సిమెంటు బెంచీ ఉంది. తడి ఆరకుండా దాని మీద గోనెసంచి కప్పారు. మేస్త్రి, అతని మనుషులు, రత్నం, అందరూ నవ్వుతూ నిలబడ్డారు.

"రేపటిదాకా కూర్చోకూడదండి మామ్మగారూ. ఎల్లుండి నుంచి మహారాణిలా కూర్చోండి."

ఆవిడ గోనె ఎత్తి చూసింది. బెంచీ అంచు నుంచి ఎదురింటి గోడ దాకా చూసింది. "మంచం తిరగదురా" అంది.

"తిరుగుద్దండి. వెడల్పు కొలిచే కట్టానండి."

"మలుపులో వెడల్పు ఒక్కటే చాలదయ్యా, పడుకున్న మనిషి పొడుగు తిరగాలి" అన్నాను నేను.

"కొంచెం వాల్చి తిప్పేద్దాం టీచరుగారూ. ఎప్పుడో ఏడాదికోసారి కదండీ. ఆవిడ రోజూ నడవాలి కదండీ."

అతను చెప్పిన దాంట్లో ప్రేమే ఉంది. అదే ఇవాళ నాకు మింగుడుపడటం లేదు. ఎవడైనా దుర్మార్గుడు అడ్డం కడితే మా వదిన సాయంత్రానికి కొట్టించేసేది. ఇది ఆవిడ కోసం, ఆవిణ్ణి అడగకుండా, ఆవిడంటే ప్రాణమైనవాళ్ళు కట్టింది.

కొట్టెయ్యమంటుందనే అనుకున్నాను. అనలేదు. రెండో రోజు సాయంత్రం మెల్లగా వెళ్ళి కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. చాలాసేపు కాలువ వైపు చూసి, "నాకని ఎవరన్నా ఏదన్నా కట్టడం ఇదే మొదలు. కాసేపు కూచోనీ" అంది. నేనేమీ అడగకుండానే అంది.

ఆ తరవాత ప్రతి సాయంత్రం అక్కడే. వచ్చేపోయేవాళ్ళు ఆగి ఒక మాట చెప్పి వెళ్ళేవాళ్ళు. రొయ్యల షెడ్డు నుంచి వచ్చే ఆడపిల్లలు ఆవిడ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. ఆవిడ కూర్చున్న చోటు కనక దాని పక్కనే ఎవరో నీళ్ళ డ్రమ్ము పెట్టారు. దాని పక్కన ఎవరో మోటారు సైకిలు పెట్టారు. ఒక అడ్డం ఉన్న చోట రెండోది అడ్డంలా కనబడదు.

ఆ ఏడు మంచం నడిచినప్పుడు ఎవరూ పడుకోవడానికి ముందుకు రాలేదు. ఇదివరకు ఆవిడ పడుకునేది, లేకపోతే వాదించినవాణ్ణి పడుకోబెట్టేది. ఇప్పుడు ఆవిడకి మంచం మీదకి వంగడం కష్టం. వాదించి ఒకరిని ఒప్పించే ఓపిక లేదు. మిగతావాళ్ళకి పాడె భయం లోపల ఎప్పుడూ ఉన్నదే. "ఖాళీ మంచమే పోనిద్దామండి, దారి తెలియడానికేగా" అన్నారు. ఖాళీ మంచం పోయింది. మలుపు దగ్గర నలుగురూ దాన్ని పక్కకి వాల్చి, నిలువుగా తిప్పి, హాయిగా దాటించేశారు. చప్పట్లు కొట్టారు కూడా. మరుసటి ఏడు మంచానికి పూలదండ కట్టారు, డప్పు పెట్టారు, అందరికీ సేమ్యా పంచారు. మేము ఎప్పుడూ చేసిన దానికంటే బాగా చేశాం. మా వదిన బెంచీ మీద కూర్చునే చూసింది. వాల్చిన మంచం ఆవిడ మోకాళ్ళ ముందు నుంచే పోయింది. ఆ రోజు ఆవిడ సేమ్యా తినలేదు.

క్రితం నెలలో ఆ రోజు, ఇంకా వెలుతురు ఉండగానే, గోడకి అటు నుంచి నన్ను పిలిచింది. వెళ్ళేసరికి గుమ్మం పట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట, ఎడమ చెయ్యి లాగేస్తోందంది. నేను రత్నాన్ని కేకేశాను. రత్నం అంబులెన్సుకి ఫోను చేసింది. మేస్త్రి అప్పుడే పని నుంచి వచ్చాడు. నలుగురూ కలిసి అదే నులక మంచం మీద పడుకోబెట్టి ఎత్తారు. అంబులెన్సు గేటు దగ్గరికి చెప్పిన వేళకే వచ్చింది. వాళ్ళు స్ట్రెచర్ పట్టుకుని సందులోకి వచ్చేశారు. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు.

మలుపు దగ్గర మంచం ఆగింది. బెంచీ ఇటు, ఎదురింటి గోడ అటు. మంచం కోడు బెంచీ అంచుకి తగిలి నిలిచిపోయింది. వాల్చలేరు, మనిషి ఉంది. పైకెత్తి బెంచీ మీదుగా దాటిద్దామంటే ఎదురింటి రేకు చూరు తలెత్తనివ్వదు. వెనక్కి వెళ్తే మా ఇళ్ళు, ఆపైన కాలువ. అవతల స్ట్రెచర్ వాళ్ళు, వాళ్ళదీ తిరగడం లేదు. ఒకరు మోటారు సైకిలు లాగుతున్నారు, దానికి తాళం వేసి ఉంది. ఒకరు డ్రమ్ములో నీళ్ళు పారబోస్తున్నారు. అందరూ అరుస్తున్నారు. ఆఖరికి దుప్పటితో సహా ఆవిణ్ణి ఎత్తి బెంచీ మీద పడుకోబెట్టారు, అటు నుంచి స్ట్రెచర్ మీదకి అందుకోవడానికి.

తన బెంచీ మీద పడుకుని ఆవిడ కళ్ళు తెరిచింది. నేను తల దగ్గర ఉన్నాను.

"మంచం తిరగలేదా?" అంది.

"తిరగలేదు వదినా."

"ఊఁ" అంది. అంతే. ఆ మాటే ఆఖరు. అటువైపు వాళ్ళు అందుకుని తీసుకుపోయారు.

ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేదని ఆస్పత్రిలో అన్నారట. ఆ మాట అందరితోనూ అంటారు. మలుపులో పోయిన ఆ కాస్తసేపు ఆవిడ ప్రాణానికి సరిపోయేదో లేదో నాకు తెలియదు, తెలియని దాన్ని తెలుసని రాయను. మంచం ఆగిందన్నది మాత్రం నేను కళ్ళారా చూశాను.

మర్నాడు పెట్టెని సందులోకి తీసుకురాలేదు. గేటు దగ్గరే షామియానా వేసి, ప్రార్థన అక్కడే చేయించి, అక్కడి నుంచే సమాధుల తోటకి తీసుకెళ్ళారు. ఇంటికి ఎందుకు తేలేదో ఎవరూ పైకి అనలేదు, ఎవరూ అడగలేదు. జీవితమంతా ఆ సందుని తెరిచి ఉంచిన మనిషి ఆఖరిసారి తన గుమ్మం దాకా రాలేకపోయింది.

ఇప్పుడు ఆ బెంచీ మీద ఆవిడ ఫోటో ఉంది. రోజూ ఎవరో ఒకరు పూలు పెడుతున్నారు. పైన చిన్న రేకు నీడ, ముందు రాతి పలక, పలక మీద ఆవిడ గురించి నాలుగు మాటలు పెట్టాలని మేస్త్రి ఆలోచన. నిన్న నేనే అతని ఇంటికి వెళ్ళాను.

"ఆ బెంచీ కొట్టెయ్యి బాబూ. సోమవారంలోపు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మామ్మగారి బెంచీ అండి?"

"ఆవిడ ఆగిపోయింది అక్కడే కదయ్యా."

"నాకు తెలీదాండి టీచరుగారూ?" అని గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. "నా చేత్తో కట్టానండి. ముందు కోడు పట్టుకుంది నేనేనండి. పలుగు పట్టుకుని రెండుసార్లు వెళ్ళానండి. ఆవిడ కూర్చున్నట్టే ఉంటది. చెయ్యి రాదండి."

లోపలి నుంచి వాళ్ళమ్మ అంది, "పోయిన మనిషి చోటు పగలగొడితే పేటకి మంచిది కాదమ్మా. నీకు చదువుంది, నీకివన్నీ పట్టవు."

"మరి రేపు నీకు బాగోకపోతే ఎలా తీసుకెళ్తారమ్మా?"

"నా ఖర్మ ఎలా ఉంటే అలా" అంది ఆవిడ.

రత్నాన్ని అడిగాను. ఏడ్చింది గానీ అవుననలేదు. మిగతావాళ్ళు, "ఈస్టరు వెళ్ళాక చూద్దామండి", "ఎండలు తగ్గాక చూద్దామండి" అన్నారు. ఎండలు తగ్గాక ఎందుకు? ఎండల్లోనే కదా అవసరం. మొన్నటి నుంచి పడమటి గాలి మొదలైంది. మధ్యాహ్నం పూట రేకులు టపటపలాడుతున్నాయి. ఎవరి స్టవ్‌లు వాళ్ళకి వెలుగుతూనే ఉన్నాయి. పొయ్యిలార్పమని అరిచేవాళ్ళు లేరు. నిన్న నేను గుమ్మంలో నిలబడి అరవబోయాను. నా గొంతు బడి గది దాటి ఎప్పుడూ పోలేదు, నిన్నా పోలేదు.

ఎవరికి వాళ్ళు కట్టుకున్నదాన్ని కూల్చడం ఆవిడ మాకు నేర్పింది. ప్రేమతో కట్టినదాన్ని ఎలా కూల్చాలో నేర్పకుండా పోయింది. బహుశా ఆవిడకీ తెలియదు. తెలిస్తే తనే కూల్చేది. పలక వచ్చిందంటే ఇక ఆ బెంచీ ఎప్పటికీ కదలదు, ఆవిడ పేరు మీదే మా సందు మూసుకుపోతుంది. తరవాత మంచం మీద ఎవరుంటారో ఊహించడానికి నాకు ఇష్టం లేదు. మలుపుకి ఇవతల కాన్పుకి దగ్గర పడిన పిల్ల ఒకతి ఉంది. రత్నం కోడలే.

ఇంతకంటే ఏడవడం నాకు చేతకాదు. జరగవలసినవి వరసగా రాస్తున్నాను. దీని నకలు ఒకటి ఇవాళే మేస్త్రి గుమ్మంలో పడేస్తాను.

1. బెంచీ మీది ఫోటోని తీసి మా ఇంట్లో పెట్టాలి. గోడకి మేకు కొట్టి ఉంచాను. పూలు పెట్టాలనుకున్నవాళ్ళు రావచ్చు, చెప్పులు మాత్రం లోపల విడవాలి.

2. బెంచీ పగలాలి. మేస్త్రే పగలగొట్టాలి. అతని చెయ్యి రాకపోతే ఆ పలుగు మీద నా చెయ్యి కూడా వేస్తాను. ముక్కలు సందులో వదలకూడదు.

3. రాతి పలక చెక్కించకూడదు. ఇప్పటికే చెక్కడం మొదలై ఉంటే పేరు మార్పించి అట్టేపెట్టండి, నాకు పనికొస్తుంది.

4. డ్రమ్ములు ఇళ్ళ వెనక్కి, బళ్ళు గేటు దగ్గరికి. గాలి లేచినప్పుడు రత్నం అరవాలి. ఆ గొంతు ఒక్కటే గేటు దాకా వినబడుతుంది.

5. మంచం ఖాళీగా నడవకూడదు. దండ వద్దు, డప్పు వద్దు. ఎక్కడా వాల్చకూడదు.

6. పడుకోవడానికి నేనున్నాను. కళ్ళు తెరుచుకునే పడుకుంటాను. మోయడానికి నలుగురు కావాలి. ఇప్పటికి ఒక్కరూ రాలేదు. మంచం ఆవిడ గోడకి నిలబెట్టి ఉంది, కోళ్ళు సందు వైపుకి.